బౌలింగ్ బాల్ ఎంచుకోవడం నుంచి మొదటి స్పేర్ దాకా: కొత్తవారికి సమగ్ర మార్గదర్శి

ఆఫీసు టీమ్‌తోనో, సెలవుల్లో పిల్లలతోనో బౌలింగ్‌కి వెళ్లినవాళ్లు తరువాత నన్ను దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఎన్ని పౌండ్ల బాల్ తీసుకోవాలి? బొటనవేలు ఎందుకు నొప్పి పెడుతోంది? నేరుగా వేసినా బాల్ గట్టర్‌లోకి, అంటే పక్కనున్న కాలవలోకి, ఎందుకు పోతోంది? సొంత బాల్ కొనాలా? విడివిడిగా చెప్పే బదులు అన్నీ వరుసలో పెట్టి రాస్తున్నాను. ఇది క్రికెట్ బౌలింగ్ గురించి కాదు, పది పిన్నుల టెన్‌పిన్ బౌలింగ్ గురించి.

ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. బాల్‌ని చేత్తో బిగించి పట్టుకోకూడదు, అది చేతికి వేలాడాలి. నిండు బకెట్ మోసేటప్పుడు చెయ్యి ఎలా సాగి వేలాడుతుందో అలా. కొత్తవాళ్ల కష్టాల్లో చాలా భాగం బాల్‌ని బిగించడం వల్లే వస్తాయి, బిగించడం సరిపోని బాల్ వల్ల వస్తుంది. అందుకే బాల్ ఎంపిక మీద ఎక్కువ చెబుతాను.

కొలతలన్నీ కుడిచేతివాళ్లకి రాశాను. ఎడమచేతివాళ్లు కుడి ఎడమలు తారుమారు చేసుకుని, బోర్డులను ఎడమ అంచు నుంచి లెక్కపెట్టుకోవాలి.

1. ఇంటి దగ్గరే చేసుకోవలసిన తయారీ

గోళ్లు కత్తిరించుకోండి, ముఖ్యంగా బొటనవేలి గోరు. ఉంగరాలు తీసి ఇంట్లోనే పెట్టండి. సాగే గుణం ఉన్న ప్యాంటు వేసుకోండి, ఎందుకంటే ఆఖరి అడుగులో మోకాలు బాగా వంగాలి.

సాక్సులు తప్పనిసరి. బౌలింగ్ షూస్ సెంటర్‌లో అద్దెకిస్తారు. వాటి అడుగుభాగం నున్నగా ఉండి చివరి అడుగు జారడానికి వీలు కల్పిస్తుంది. అదే అడుగుభాగానికి నీటి చుక్క తగిలితే షూ నేలకి పట్టేస్తుంది, మనిషి ముందుకి బోర్లా పడతాడు. బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు, కూల్‌డ్రింక్స్ పెట్టిన టేబుల్ దగ్గర తిరిగేటప్పుడు జాగ్రత్త. బౌలింగ్‌లో నేను చూసిన దెబ్బల్లో ఎక్కువ భాగం తడి షూ వల్ల తగిలినవే.

ఆటకి ముందు మణికట్టు, భుజం, తొడ వెనక కండరాలు ఐదు నిమిషాలు కదిలించండి. బరువు ఒక్క చేతిమీదే పడే ఆట ఇది.

2. లేన్‌ని చదవడం

బాల్ దొర్లే పొడవాటి దారే లేన్. దాని మీద గుర్తులు ఊరికే గీసినవి కావు. వాటిని వాడుకోవడం తెలిస్తే సగం ఆట వచ్చినట్టే.

ఫౌల్ లైన్ నుంచి, అంటే మీ కాలు దాటకూడని గీత నుంచి, మొదటి పిన్ దాకా 60 అడుగులు. లేన్ వెడల్పు సుమారు 41న్నర అంగుళాలు, అందులో 39 బోర్డులు ఉంటాయి. చెక్క లేన్ అయితే నిజంగా పలకలే, సింథటిక్ లేన్ అయితే వాటి గీతలు. బోర్డులను కుడి అంచు నుంచి లెక్కపెడతాం. నడిమిది 20వ బోర్డు.

ఫౌల్ లైన్ దాటాక సుమారు 12 నుంచి 16 అడుగుల మధ్య ఏడు బాణాలు కనిపిస్తాయి. ప్రతి ఐదో బోర్డు మీద ఒకటి ఉంటుంది. కుడి నుంచి రెండో బాణం 10వ బోర్డు, మూడోది 15, నాలుగోది అంటే నడిమిది 20. మీరు నడిచే చోట, అంటే అప్రోచ్ మీద, చుక్కలు ఉంటాయి. వాటిలో నడిమి చుక్క 20వ బోర్డు.

పిన్నులకు నంబర్లు ఇలా: ముందున్నది 1, రెండో వరుసలో ఎడమ నుంచి 2, 3, మూడో వరుసలో 4, 5, 6, చివర 7, 8, 9, 10. కుడిచేతివాళ్లు కొట్టాల్సింది 1వ పిన్ను ముఖం మీద కాదు, 1కీ 3కీ మధ్య సందులో. దాన్నే పాకెట్ అంటారు. చక్కగా పడిన స్ట్రైక్‌లో (మొదటి బాల్‌కే పదీ పడడం) బాల్ తగిలేది 1, 3, 5, 9 పిన్నులకే, మిగతా ఆరింటినీ పిన్నులే పడగొడతాయి. క్యారమ్స్ ఆడినవాళ్లకు కోణం విలువ వేరే చెప్పక్కర్లేదు.

లేన్ మీద కంటికి కనిపించనిది ఇంకొకటి ఉంది: నూనె. సాధారణంగా లేన్‌లో మొదటి మూడింట రెండు వంతుల దూరం పలచగా నూనె పూస్తారు, చివరి వంతు పొడిగా ఉంటుంది. బాల్ నూనె మీద జారి, పొడి భాగంలో నేలని పట్టుకుంటుంది. బాల్ ఏ పదార్థంతో చేశారన్నది ఇందుకే ముఖ్యమవుతుంది.

3. ర్యాక్ మీద నుంచి సరైన బాల్ తీయడం

చాలామంది రంగు చూసి తీసుకుంటారు, లేదా పక్కవాళ్ల ముందు తక్కువ కాకూడదని బరువైనది తీస్తారు. నా మొదటి ఆటలో నేనూ 14 పౌండ్లది తీసుకున్నాను. దాని రంధ్రం నా బొటనవేలికి బిగుతు. మూడో గేమ్ అయ్యేసరికి వేలు వాచింది, రెండు రోజులు పెన్ను పట్టుకోవడం కష్టమైంది. బరువు నేను మోయగలిగిందే, రంధ్రమే సరిపోలేదు. అప్పటి నుంచి ఎవరిని తీసుకెళ్లినా ముందు వాళ్ల బొటనవేలినే చూస్తాను.

ఎంపిక ఈ వరుసలో చేయండి.

మొదట బొటనవేలు. వేలు పూర్తిగా మొదలు దాకా లోపలికి వెళ్లాలి. లోపల తిప్పితే చర్మం రంధ్రం గోడలకి మెల్లగా రాసుకోవాలి గానీ ఒరుసుకోకూడదు. బయటికి లాగితే ‘టప్’మని చప్పుడొస్తే బిగుతు అన్నమాట. వేలు లోపల వంచితేనే బాల్ నిలబడుతోందంటే వదులు. రెండూ వద్దు.

తరువాత దూరం. బొటనవేలు లోపల పెట్టి, మధ్యవేలినీ ఉంగరం వేలినీ మిగతా రెండు రంధ్రాల మీదుగా చాచి పడుకోబెట్టండి. వేళ్ల రెండో కణుపు గీత, రంధ్రం దగ్గరి అంచుని దాటి పావు అంగుళం లోపలికి వస్తే సరిపోయినట్టు. కణుపు ఆ అంచు దాకా కూడా రాకపోతే దూరం ఎక్కువ, అరచెయ్యి సాగి మణికట్టు లాగుతుంది. బాగా దాటిపోతే దూరం తక్కువ, అరచేతికీ బాల్‌కీ మధ్య పెద్ద ఖాళీ మిగిలి బిగించి పట్టుకోవాల్సి వస్తుంది. వేళ్లు పెట్టాక ఆ ఖాళీలో ఒక పెన్సిల్ దూరితే చాలు.

ఆ తరువాతే బరువు. బాల్ బరువుకి గరిష్ఠ పరిమితి 16 పౌండ్లు, అంటే సుమారు 7.26 కిలోలు. 10 పౌండ్లు నాలుగున్నర కిలోలు, 12 అయిదున్నర కిలోలకి కాస్త తక్కువ, 14 అంటే 6.35 కిలోలు. ‘మీ శరీర బరువులో పదో వంతు’ అని ఒక లెక్క చెబుతుంటారు. కీళ్ల నొప్పులు ఉన్నవాళ్లకి, వ్యాయామం అలవాటు లేనివాళ్లకి అది ఎక్కువవుతుంది, కాబట్టి నేను దాన్ని నమ్మను. దానికి బదులు ఈ పరీక్ష చేయండి: బాల్ వేళ్లకి తగిలించుకుని చెయ్యి పక్కన వేలాడదీయండి. నిలబడినచోటే, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని, ముందుకీ వెనక్కీ మెల్లగా పదిసార్లు ఊపండి. కుడి భుజం కిందికి దిగిపోయినా, మోచెయ్యి వంగినా, వేళ్లు బిగుసుకున్నా రెండు పౌండ్లు తగ్గించండి.

మొదటిసారి ఆడే పెద్దవాళ్లలో ఆడవాళ్లకి ఎక్కువగా 8 నుంచి 10, మగవాళ్లకి 10 నుంచి 12 పౌండ్లవి కుదురుతాయి. పిల్లలకి వయసు ఎన్నేళ్లో సుమారుగా అన్ని పౌండ్లు. చిన్నపిల్లలకి 6 పౌండ్లది, గట్టర్‌కి అడ్డంగా లేచే బంపర్లు పెట్టించండి.

ఒక చిక్కు ఉంది. ర్యాక్ మీద బరువైన బాల్స్‌కి రంధ్రాలు పెద్దవిగా, తేలికైనవాటికి చిన్నవిగా ఉంటాయి. వేళ్లు లావుగా ఉండి బలం తక్కువున్నవాళ్లకి తేలికైనదాంట్లో వేలు పట్టదు. అలాంటప్పుడు అన్ని ర్యాకులూ వెతకండి, ఒకే బరువులో కూడా రంధ్రాలు వేర్వేరుగా ఉంటాయి. దొరక్కపోతే బిగుతుదానికంటే ఒక పౌండు ఎక్కువున్న బాల్ మేలు.

ర్యాక్ దగ్గర సరిచూసుకోవలసినవి:

- బొటనవేలు పూర్తిగా వెళ్లి, తేలిగ్గా బయటికి వస్తోందా?
- రెండో కణుపు గీత రంధ్రం అంచుని కొంచెం దాటిందా?
- పదిసార్లు ఊపినా భుజం నిలకడగా ఉందా?
- రంధ్రాల అంచులు పగిలి, చర్మం కోసేలా ఉన్నాయా? ఉంటే మార్చండి.
- నచ్చిన బాల్ నంబరు గుర్తుపెట్టుకున్నారా? వచ్చేసారి వెతుకులాట తగ్గుతుంది.

తిరిగొచ్చిన బాల్‌ని రెండు చేతులతో రెండు పక్కల నుంచి ఎత్తండి. దాని వెనకాలే మరో బాల్ దొర్లుకుంటూ వస్తుంది, రెండింటి మధ్య వేళ్లు నలిగిపోతాయి. పిల్లలకి ఈ సంగతి ఆట మొదలవకముందే చెప్పాలి.

4. నాలుగు అడుగుల నడక

ముందు మీ మొదలు చోటు కనుక్కోండి. ఫౌల్ లైన్‌కి మడమలు ఆనేలా, పిన్నులకి వీపు పెట్టి నిలబడండి. మామూలు నడకతో నాలుగున్నర అడుగులు వేసి వెనక్కి తిరగండి. అదే మీ చోటు. ఆ అర అడుగు చివర్లో జారడానికి.

బాల్ బరువు ఎడమచేతి మీద ఉంచండి. కుడిచేతి వేళ్లు రంధ్రాల్లో ఉంటాయి, అంతే. బాల్ నడుముకీ ఛాతీకీ మధ్య, కొంచెం కుడివైపుకి ఉండాలి. మోకాళ్లు కాస్త వదులుగా.

1. కుడికాలు ముందుకి. అదే క్షణంలో బాల్‌ని రెండు చేతులతో ముందుకి, టేబుల్ మీద పళ్లెం జరిపినట్టు జరపండి.
2. ఎడమకాలు. ఎడమచెయ్యి వదిలేస్తుంది, బాల్ దాని బరువుతో అదే కిందికి దిగుతుంది.
3. కుడికాలు. బాల్ వెనక పైకి వెళుతుంది. భుజం ఎత్తు చాలు, అంతకంటే పైకి లాగొద్దు.
4. ఎడమకాలు జారుతుంది, మోకాలు వంగుతుంది, బాల్ ముందుకొచ్చి ఎడమ మడమ దాటగానే చేతి నుంచి జారిపోతుంది.

రెండో అడుగు దగ్గరే చాలామంది బాల్‌ని కిందికి తోస్తారు. తోయొద్దు. ఊయల వదిలేస్తే అదే ఊగినట్టు, బాల్ తన లయలో తను ఊగాలి. మీ పని ఆ లయకి తగ్గట్టు నడవడమే.

వదిలేటప్పుడు అరచెయ్యి పిన్నుల వైపు చూడాలి. ముందు బొటనవేలు బయటికి వస్తుంది, తరువాత మిగతా రెండు వేళ్లు. చెయ్యి అక్కడే ఆగకుండా పైకి లేచి చెవి పక్కదాకా రావాలి. బాల్ లేన్ మీద పడకూడదు, విమానం నేలకి దిగినట్టు ఆనాలి. ‘దబ్’మని చప్పుడైతే మోకాలు వంగలేదని గానీ, బొటనవేలు ఇరుక్కుందని గానీ అర్థం.

ఈ నడకని ఇంట్లో బాల్ లేకుండా, సాక్సులతో నున్నటి నేలమీద రోజుకి ఇరవైసార్లు వేయండి. చేతిలో నీళ్ల సీసా పట్టుకుంటే ఊపు తెలుస్తుంది. వారం రోజుల్లో అడుగులు లెక్కపెట్టాల్సిన అవసరం పోతుంది.

5. చూపు ఎక్కడ పెట్టాలి

పిన్నుల వైపు చూడకండి. అరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని గురిపెట్టడం కంటే పదిహేను అడుగుల దూరంలో ఉన్న బాణాన్ని గురిపెట్టడం ఎంతో తేలిక. బాల్ బాణం దాటేవరకు తల ఎత్తొద్దు.

ఎడమ షూ 14, 15 బోర్డుల దగ్గర ఉండేలా నిలబడి, తిన్నగా నడిచి, కుడి నుంచి రెండో బాణం మీదుగా వేయండి. బాల్ మీ ఎడమపాదానికి ఆరేడు బోర్డులు కుడివైపున నేలని తాకుతుంది, అక్కడినుంచి పాకెట్ వైపు వెళుతుంది. ఈ ఆరేడు బోర్డుల తేడా ఒక్కొక్కరిలో కాస్త మారుతుంది, కాబట్టి మొదటి గేమ్‌లో మీ చోటు మీరే తేల్చుకోవాలి.

దిద్దుబాటు సూత్రం: బాల్ ఎటు తప్పితే పాదాలు అటే జరపండి, బాణం మార్చొద్దు. బాల్ పాకెట్‌కి ఎడమగా కొడుతుంటే ఎడమకి ఒక బోర్డు, కుడిగా కొడుతుంటే కుడికి ఒక బోర్డు. మొదట ఇది తలకిందులుగా అనిపిస్తుంది. బాణం దగ్గర బాల్ అదే చోట దాటుతుంది, మొదలు ఎడమకి జరిగింది గనక చివర కుడికి వెళుతుంది. పాదం ఒక బోర్డు జరిగితే పిన్నుల దగ్గర సుమారు మూడు బోర్డులు మారుతుంది. అందుకే ఒకేసారి పెద్దగా జరగొద్దు.

ఒక షరతు: మీరు గురిపెట్టిన బాణం మీదుగానే బాల్ వెళ్లినప్పుడే జరగాలి. బాణమే తప్పితే అది చోటు తప్పు కాదు, చేతి తప్పు. మళ్లీ అక్కడి నుంచే వేయండి.

6. స్పేర్లు: స్కోరు పెరిగేది ఇక్కడే

లెక్క ముందు చూద్దాం. ఒక గేమ్‌కి పది ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు బాల్స్. మొదటి బాల్‌కే పదీ పడితే స్ట్రైక్: పదికి తరువాతి రెండు బాల్స్ పాయింట్లు కలుస్తాయి. రెండు బాల్స్‌లో పదీ పడితే స్పేర్: పదికి తరువాతి ఒక్క బాల్ కలుస్తుంది. స్ట్రైక్ తరువాత 7, 2 వచ్చాయంటే ఆ స్ట్రైక్ విలువ 19, మొత్తం 28. పదో ఫ్రేములో స్ట్రైక్ గానీ స్పేర్ గానీ పడితే మూడో బాల్ దాకా వేయొచ్చు. పన్నెండు వరుస స్ట్రైకులకి 300.

ప్రతి ఫ్రేములో తొమ్మిది పడగొట్టి ఆ మిగిలిన ఒక్క పిన్నునీ వదిలేస్తే గేమ్‌కి 90. అదే ప్రతిసారీ ఆ ఒక్కదాన్నీ లేపేసి, చివరి అదనపు బాల్‌కి కూడా తొమ్మిది తెస్తే 190. ఒక్క స్ట్రైక్ కూడా లేకుండానే! కొత్తవాళ్లు స్ట్రైక్ కోసం బలం పెంచుకుంటూ పోతారు, నన్నడిగితే ఆ శ్రమంతా స్పేర్ల మీద పెట్టాలి.

నేరుగా వేసేవాళ్లకి గుర్తుంచుకోవడానికి తేలికైన పద్ధతి ఇది. స్పేర్లన్నింటికీ ఒకే బాణం వాడండి: కుడి నుంచి మూడోది. పాదం చోటు మాత్రమే మారుతుంది.

- మధ్యలో పిన్నులు మిగిలితే (1, 5): ఎడమపాదం 20వ బోర్డు దగ్గర, అంటే నడిమి చుక్క మీద.
- ఎడమ మూల (7): ఎడమపాదం 15 దగ్గర.
- కుడి మూల (10): ఎడమపాదం 25 దగ్గర.
- ఎడమవైపు 2, 4, 8: 15కీ 20కీ మధ్య. కుడివైపు 3, 6, 9: 20కీ 25కీ మధ్య.

కుడివైపు పిన్నుకి ఎడమకి జరుగు, ఎడమవైపు పిన్నుకి కుడికి జరుగు. ఇంతే. నిలబడ్డాక భుజాలు బాణం వైపు తిప్పి, అటే నడవండి. 10వ పిన్ను కుడిచేతివాళ్లని చాలాకాలం ఏడిపిస్తుంది, ఎందుకంటే అది గట్టర్ అంచునే ఉంటుంది. భయంతో చివరి క్షణంలో చెయ్యి ఎడమకి లాగడం వల్లే అది ఎక్కువగా తప్పుతుంది.

సాధన కోసం ఒక గేమ్ పక్కన పెట్టండి. పది పిన్నులు నిలబడి ఉన్నా మొదటి బాల్‌తో 10వ పిన్నుని మాత్రమే, రెండో బాల్‌తో 7వ పిన్నుని మాత్రమే కొట్టండి. ఆ గేమ్ స్కోరు పట్టించుకోవద్దు.

7. తరచు జరిగే తప్పులు, వాటి దిద్దుబాటు

*బాల్ ఎప్పుడూ ఎడమకే పోతోంది.* చెయ్యి శరీరానికి అడ్డంగా వస్తోంది, లేదా వదిలేటప్పుడు మణికట్టు తిరుగుతోంది. వదిలాక చెయ్యి ఎటు ఆగిందో చూడండి. ఎడమ భుజం వైపు వెళ్లిందంటే కారణం అదే.

*ఎప్పుడూ కుడికే పోతోంది.* ఊపులో బాల్ వీపు వెనక్కి చుట్టుకుంటోంది. మొదలుపెట్టేటప్పుడే బాల్‌ని కుడి భుజం కిందికి జరపండి, తిన్నని దారి దొరుకుతుంది.

*బాల్ గాల్లోకి లేచి పడుతోంది.* రంధ్రం బిగుతు, లేదా వేళ్లు బిగించారు. ముందు బాల్ మార్చి చూడండి, ఆ తరువాతే చేతిని అనుమానించండి.

*ఫౌల్ లైన్ దాటుతున్నాను.* కాలు గీత దాటితే ఆ బాల్‌కి పడిన పిన్నులు లెక్కలోకి రావు. మొదలు చోటు ఒక అడుగు వెనక్కి జరపండి. సాధారణంగా ఇది పరిగెత్తడం వల్ల వస్తుంది. మొదటి రెండు అడుగులు కావాలనే నెమ్మదిగా వేస్తే చివరివి అదుపులో ఉంటాయి. గీత అవతల నూనె ఉంటుంది, అక్కడ కాలు పెడితే జారిపడతారు.

*మూడో గేమ్‌కి గురి చెదిరిపోతోంది.* వేలు వాచి రంధ్రం బిగుతైపోయి ఉంటుంది, లేదా అలసట. ఒక పౌండు తక్కువున్న, రంధ్రం కాస్త పెద్దదైన బాల్‌కి మారండి. చెమట పట్టే చేతులైతే టవల్ దగ్గర ఉంచుకోండి. పౌడర్ మాత్రం అప్రోచ్ మీద రాలనివ్వొద్దు, అది వెనకొచ్చేవాళ్లకి ప్రమాదం.

*బలంగా వేస్తే ఎక్కువ పడతాయనుకుంటున్నాను.* ఊపు ఎత్తు నుంచి వచ్చే వేగం చాలు. భుజంతో విసిరితే గురి పోతుంది, నొప్పి మిగులుతుంది.

పక్క లేన్‌వాళ్లు వేయడానికి సిద్ధంగా నిలబడి ఉంటే వాళ్లని ముందు వేయనివ్వండి. ఇద్దరూ ఒకేసారి ఎక్కితే కుడివైపు ఉన్నవారికి ముందు అవకాశం. పిన్నులు సర్దే కడ్డీ కిందికి దిగి ఉండగా బాల్ వేయకండి, యంత్రం దెబ్బతింటుంది.

8. సొంత బాల్ ఎప్పుడు, ఏది కొనాలి

నెలకోసారి సరదాగా వెళ్లేవాళ్లకి సొంత బాల్ అక్కర్లేదు. డబ్బు పెట్టాలనిపిస్తే ముందు షూస్ కొనండి. ప్రతిసారీ ఒకేలా జారే షూ ఉంటే నడక త్వరగా కుదురుతుంది.

వారానికోసారి ఆడుతూ, నాలుగు అడుగులూ ఆలోచించకుండా పడుతున్నప్పుడు సొంత బాల్ సమయం వచ్చినట్టు. అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఆఫీసు లీగుల్లో చేరేవాళ్లకి ఇది త్వరగానే వస్తుంది.

పైపొర పదార్థాన్ని బట్టి రకాలు:

- ప్లాస్టిక్, అంటే పాలియెస్టర్. నేలని తక్కువగా పట్టుకుంటుంది, తిన్నగా పోతుంది. ర్యాక్ మీద ఉండేవి దాదాపు ఇవే. కొలంబియా వైట్ డాట్, బ్రన్స్‌విక్ టీజోన్, ఎబొనైట్ మాక్సిమ్ లాంటివి ఈ కోవలోవి.
- యురెథేన్. మధ్యస్థంగా, నెమ్మదిగా వంగుతుంది.
- రియాక్టివ్ రెసిన్. పొడి భాగంలో నేలని గట్టిగా పట్టుకుని హుక్, అంటే వంపు, తిరుగుతుంది. పాకెట్‌లోకి మంచి కోణంలో వెళుతుంది. స్టార్మ్ ట్రాపికల్ సర్జ్, బ్రన్స్‌విక్ రైనో కొత్తవాళ్లకి తగిన స్థాయివి.

మొదటి బాల్‌గా రియాక్టివ్ కొనమని దుకాణాల్లో చెబుతుంటారు. నా సలహా ప్లాస్టిక్. మీ చేతికి కొలిచి తొలిచిన ప్లాస్టిక్ బాల్‌తో ఆరు నెలలు ఆడితే తప్పు చేతిదో బాల్‌దో తెలుస్తుంది. తరువాత హుక్ నేర్చుకుని రియాక్టివ్ కొన్నా, ఈ ప్లాస్టిక్ బాల్ మూల పిన్నుల స్పేర్లకి ఎప్పటికీ పనికొస్తుంది. ఇప్పటికే లీగులో ఉండి, నేర్పేవాళ్లు పక్కన ఉంటే మాత్రం రియాక్టివ్‌తో మొదలుపెట్టడంలో తప్పులేదు.

ఒక ముఖ్యమైన విషయం. దుకాణంలో గానీ ఆన్‌లైన్‌లో గానీ వచ్చే బాల్స్‌కి సాధారణంగా రంధ్రాలుండవు. మీ చెయ్యి కొలిచి తొలిచే ప్రో షాప్ కావాలి. అమెరికాలో చాలా బౌలింగ్ సెంటర్లలోనే ఉంటుంది. మన దగ్గర అలాంటివి తక్కువ, కాబట్టి ఆర్డర్ పెట్టకముందే మీ సెంటర్‌లో అడిగి, ఎవరు తొలుస్తారో ఖాయం చేసుకోండి. లేకపోతే రంధ్రాలు లేని ఆరు కిలోల గుండు ఇంట్లో మూల ఉండిపోతుంది.

తొలిపించేటప్పుడు:

- చెయ్యి మామూలుగా ఉన్న రోజు వెళ్లండి. అప్పుడే మూడు గేములు ఆడి వేళ్లు వాచి ఉంటే కొలత తప్పుతుంది.
- పట్టు రెండు రకాలు. రెండో కణుపు దాకా వేళ్లు దిగేది కన్వెన్షనల్, మొదటి కణుపు దాకానే దిగేది ఫింగర్‌టిప్. హుక్ నేర్చుకోవాలనుకుంటే ఫింగర్‌టిప్, తిన్నగా ఆడడం చాలనుకుంటే కన్వెన్షనల్.
- చేతికి సరిపోయిన బాల్ తేలిగ్గా అనిపిస్తుంది, కాబట్టి ర్యాక్ బాల్ కంటే ఒక పౌండు, మహా అయితే రెండు పౌండ్లు పెంచుకోవచ్చు.
- బొటనవేలి రంధ్రం అనుమానంగా ఉంటే కాస్త పెద్దదే నయం. లోపలి గోడకి బౌలింగ్ టేపు ఒక్కొక్క ముక్క అంటిస్తూ సరిచేసుకోవచ్చు.
- రెండు మూడు సార్లు ఆడాక మళ్లీ వెళ్లి చూపించండి. ఎక్కడ ఒరుసుకుంటుందో అప్పుడే తెలుస్తుంది.

పాత బాల్ కొంటుంటే పగుళ్లు వెతకండి, ముఖ్యంగా రంధ్రాల మధ్య. వేళ్లు పెట్టే రంధ్రాలు కాక పక్కన ఇంకోటి ఉంటే అది బరువు సర్దడానికి తొలిచింది. 2020 ఆగస్టు 1 నుంచి అమెరికా బౌలింగ్ సంఘం నిబంధనల ప్రకారం అలాంటి అదనపు రంధ్రాలున్న బాల్‌ని పోటీల్లో వాడకూడదు. పూడ్చి వాడుకోవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.

9. బాల్ సంరక్షణ

ప్రతి బాల్ తిరిగి రాగానే మైక్రోఫైబర్ బట్టతో నూనె తుడవండి. తుడిచేముందు ఆ నూనె వలయాన్ని ఒకసారి చూడండి. వలయం వేళ్ల రంధ్రాల మీదుగా పోతుంటే మణికట్టు తిరుగుతోందని అర్థం. వలయమే కనిపించకపోతే లేన్ మీద నూనె బాగా తక్కువ, ఆ రోజు రియాక్టివ్ బాల్ విపరీతంగా వంగుతుంది, ప్లాస్టిక్‌తో ఆడండి.

ఆట అయ్యాక బాల్ క్లీనర్‌తో తుడవండి. రియాక్టివ్ పైపొర నూనెని పీల్చుకుంటుంది, ఆలస్యమైతే లోపలికి దిగిపోతుంది.

కారు డిక్కీలో వదిలేయొద్దు. మన ఎండాకాలంలో ఆపి ఉంచిన కారు లోపలి వేడికి, ఏసీ గదిలోకి తేగానే వచ్చే తేడాకి పైపొర పగులుతుంది. ఇంట్లో నేలమీద, ఎండ తగలని చోట, దొర్లిపోకుండా గుండ్రటి పీట మీద పెట్టండి. అటక మీద వద్దు, బరువైన వస్తువు కదా, కింద పిల్లలు తిరుగుతుంటారు.

10. మొదటి నాలుగు సార్లకి ప్రణాళిక

మొదటిసారి: బాల్ ఎంపికకి పదిహేను నిమిషాలు కేటాయించండి. ఫౌల్ లైన్ దగ్గర నిలబడి, ఒక్క అడుగు జారుతూ వదలడం మాత్రమే. ఒక గేమ్ చాలు.

రెండోసారి: నాలుగు అడుగులు. బాల్ ఎటు పోయినా ఫర్వాలేదు, వేశాక ఫౌల్ లైన్ దగ్గర తూలకుండా మూడు లెక్కపెట్టేంతసేపు నిలబడగలగాలి.

మూడోసారి: బాణం. పది బాల్స్‌లో ఎన్ని రెండో బాణం మీదుగా వెళ్లాయో లెక్కపెట్టండి. పిన్నుల లెక్క వద్దు. ఆరు దాటితే పాదం సర్దుబాటు మొదలుపెట్టండి.

నాలుగోసారి: ఒక గేమ్ మామూలుగా, ఒక గేమ్ 10, 7 మూలలకి. ఫోన్‌తో వెనక నుంచి ఎవరితోనైనా వీడియో తీయించండి. చూసేటప్పుడు బాల్‌ని కాదు, చేతిని చూడండి: కిందికి దిగేటప్పుడు మోచెయ్యి సాగి ఉందా, వేళ్ల కణుపులు తెల్లబడేంతగా బిగుసుకున్నాయా అని. బిగుసుకుంటే మళ్లీ మూడో భాగం దగ్గరికి వచ్చి, బాల్ మార్చి చూడండి.